కోపానికి ఓ గది

అల్లరి చేసిన పిల్లాణ్ని బడి నుంచి గెంటేస్తే వాడు ఎక్కడికెళతాడు? వీధిలోకి. ఆ వీధిలో తుపాకులు తిరుగుతుంటే? అమెరికాలోని బాల్టిమోర్ నగరం ఎన్నో ప్రాణాలు పోగొట్టుకుంటూ ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంది.

ఐదో తరగతి. లెక్కల పీరియడ్. వెనక బెంచీలో ఎవరో ఎవరినో ఏదో అన్నారు. అంతే... ఓ పిల్లాడు లేచి పక్కవాడి కాలరు పట్టుకున్నాడు. టీచరు వచ్చి విడదీసేసరికే ఒకడి పెదవి చిట్లింది.

మన దగ్గరైతే తర్వాత ఏం జరుగుతుందో వేరే చెప్పాలా! ముందు వీపు మీద రెండు పడతాయి. ఆ తర్వాత గోడకుర్చీ. మర్నాడు 'మీ నాన్నని తీసుకురా' అని హుకుం. మరీ మితిమీరితే ఆఖరి అస్త్రం ఉండనే ఉంది... టీసీ. చట్టం వద్దన్నా ఇవన్నీ అక్కడక్కడా సాగుతూనే ఉన్నాయి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బెత్తం ఎప్పుడో అటకెక్కింది. దాని జాగాలో సస్పెన్షన్ వచ్చి కూర్చుంది. తప్పు చేస్తే కొన్ని రోజులు బడికి రావద్దు, పెద్ద తప్పయితే ఇంకొన్ని రోజులు... అసలే చదువంటే గిట్టని పిల్లాడికి అది శిక్షో సెలవో ఆ దేవుడికే తెలియాలి.

బాల్టిమోర్‌లో విండ్సర్ అవెన్యూ మీదున్న రాబర్ట్ డబ్ల్యు. కోల్‌మన్ ప్రాథమిక పాఠశాలలో 2010ల మధ్యలో మాత్రం ఇలా తగువు పడ్డ పిల్లాణ్ని వేరే ఓ గదికి పంపేవారు. ఆ గదిలో కళ్లు జిగేల్‌మనే ట్యూబులైట్లుండవు. చిన్న దీపాలు, మెత్తటి దిండ్లు, నేల మీద చాపలు, గాలిలో సన్నగా ఏదో నూనె సువాసన. అక్కడో పెద్దాయన ఉంటాడు. తిట్టడు. 'ఎందుకు కొట్టావ్' అని నిలదీయడు. ముందు కూర్చోమంటాడు. కళ్లు మూసుకుని ఊపిరి ఎటు వెళుతోందో, ఎటు వస్తోందో చూడమంటాడు. బుసలు కొట్టే ఊపిరి నెమ్మదించాక అప్పుడు అడుగుతాడు, ఏం జరిగిందని. పావుగంటో ఇరవై నిమిషాలో అయ్యాక పిల్లాడు మళ్లీ క్లాసుకి. ఆ గది తలుపు రెండువైపులా తెరుచుకునేది... టీచరు పంపితేనే వెళ్లాలని లేదు. 'నాకు కోపం వచ్చేలా ఉంది, కాసేపు అక్కడికెళ్లొస్తా' అని పిల్లలే అడిగి వెళ్లేవారు. దాని పేరు మైండ్‌ఫుల్ మూమెంట్ రూమ్. మన మాటల్లో చెప్పాలంటే, మనసును ఒకచోట నిలిపే గది.

పొద్దున బడి మొదలయ్యాక ఓ పావుగంట, సాయంత్రం ఇంటికి వెళ్లే ముందు ఓ పావుగంట మైకులో ఓ గొంతు వినిపించేది. బడి మొత్తం శ్వాస మీద ధ్యాస పెట్టి కూర్చునేది. 2016లో ఈ బడి గురించి అమెరికన్ పత్రికలన్నీ రాశాయి. అంతకుముందు విద్యాసంవత్సరంలో అక్కడ ఒక్క సస్పెన్షనూ లేదన్నది అందరినీ ఆకర్షించిన వార్త.

అమెరికాలో ఇలాంటి బడులు చాలానే వచ్చాయి. అయితే మిగతా చోట్ల ధ్యానం మార్కుల కోసం, ఒత్తిడి తగ్గడం కోసం. ఇక్కడ లెక్క వేరు. ఈ బడి చుట్టుపక్కల ఓ పిల్లాడి కోపం పదేళ్ల తర్వాత ఎక్కడ తేలుతుందో అందరికీ తెలుసు. అది తెలియాలంటే ఆ వీధుల్లోకి వెళ్లాలి.

రేవు దాటి లోపలికి

మేరీలాండ్‌లో కొడుకో కూతురో ఉన్న తెలుగు అమ్మానాన్నలకు బాల్టిమోర్ కొత్తేం కాదు. ఓ శనివారం లాన్హమ్‌లోని శివవిష్ణు ఆలయంలో దర్శనం, పులిహోర. మరో శనివారం బాల్టిమోర్ ఇన్నర్ హార్బర్. వాషింగ్టన్ నుంచి 40 మైళ్లు. 1981లో తెరిచిన నేషనల్ అక్వేరియంలో సొరచేపలు, రేవులో లంగరేసిన పాతకాలపు ఓడ, 1814లో అమెరికా జాతీయగీతానికి స్ఫూర్తినిచ్చిన మెక్‌హెన్రీ కోట. 2024 మార్చి 26న సరకు నౌక ఢీకొని ఇక్కడి ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన పేకమేడలా కూలినప్పుడు, ఆ నౌకలో సిబ్బంది దాదాపు అందరూ భారతీయులే కావడంతో మన పేపర్లలోనూ ఈ ఊరి పేరు మార్మోగింది.

'రేవు దగ్గరే తిరగండి. పడమటి వైపు వెళ్లకండి, చీకటి పడకముందే వచ్చేయండి.' ఇది పిల్లలు చెప్పే జాగ్రత్త. ఆ జాగ్రత్తలో అబద్ధమేం లేదు. కానీ అసలు కథంతా ఆ పడమటి వైపే ఉంది.

రేవుకు దగ్గర్లోని చార్లెస్ సెంటర్ స్టేషన్లో మెట్రో ఎక్కితే మూడో స్టాపు అప్టన్. పైకి వస్తే పెన్సిల్వేనియా అవెన్యూ. ఒకప్పుడు ఈ వీధి అమెరికా నల్లజాతి సంగీతానికి పుట్టినిల్లు లాంటిది. బిల్లీ హాలిడే పాడిన వీధి. క్యాబ్ కాలొవే ఆడిన వీధి. వాళ్లంతా ప్రదర్శనలిచ్చిన రాయల్ థియేటర్‌ని 1971లో పడగొట్టారు. ఇక్కడి ఇళ్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని వరసగా ఉంటాయి. ప్రతి ఇంటి ముందూ తెల్లటి పాలరాతి మెట్లు. ఆ మెట్లని తోమి తళతళలాడించడం ఒకప్పుడు ఇల్లాళ్లకు పరువు ప్రతిష్ఠల వ్యవహారం... మన ముంగిట ముగ్గులాగా అన్నమాట. ఇప్పుడు చాలా ఇళ్లకు మెట్లే మిగిలాయి. కిటికీలకు చెక్కలు కొట్టేశారు. 1950లో తొమ్మిదిన్నర లక్షలున్న నగర జనాభా 2020 నాటికి ఆరు లక్షల లోపుకి పడిపోయింది. 2024లో సుమారు 13 వేల ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు లెక్క.

ఊరు ఊరికే ఇలా అవలేదు. 1910లో బాల్టిమోర్ ఓ చట్టం చేసింది. తెల్లవాళ్లు ఎక్కువున్న వీధిలో నల్లవాళ్లు ఇల్లు తీసుకోకూడదు! అమెరికాలో ఇలాంటి చట్టం చేసిన తొలి పెద్ద నగరం ఇదే. 1917లో సుప్రీంకోర్టు ఇలాంటి చట్టాలు చెల్లవంది. అయినా పని ఆగలేదు. నల్లవాళ్లుండే పేటల చుట్టూ పటంలో ఎర్రగీతలు గీసి అక్కడ అప్పులివ్వడం మానేశాయి బ్యాంకులు. 1970ల్లో హైవే కోసమని పడమటి పేటల మధ్యలోంచి వందల ఇళ్లు కూలగొట్టారు. తీరా రోడ్డు కొంత దూరం వేశాక ప్రాజెక్టు ఆగిపోయింది. జనం దానికి 'ఎక్కడికీ వెళ్లని హైవే' అని పేరు పెట్టుకున్నారు. 2010ల్లో నగర ఆరోగ్యశాఖ లెక్కలేస్తే, ఈ పేటలకూ కొద్ది మైళ్ల దూరంలోని సంపన్నుల పేట రోలండ్ పార్క్‌కూ సగటు ఆయుష్షులో దాదాపు ఇరవయ్యేళ్ల తేడా తేలింది.

అప్టన్‌లోనే ఓ పిల్లాడి కథ ప్రచారంలో ఉంది. బడిలో అల్లరి చేసినప్పుడల్లా వాణ్ని కింది గదిలో కూర్చోబెట్టి అమెరికా రాజ్యాంగం బట్టీ పట్టమనేవారట. బడి ముగిసేసరికి పిల్లాడికి రాజ్యాంగం మొత్తం వచ్చేసింది. ఆ పిల్లాడు థర్‌గుడ్ మార్షల్. బడుల్లో జాతి వివక్ష చెల్లదని 1954లో సుప్రీంకోర్టులో వాదించి గెలిచిన లాయరు. 1967లో అదే కోర్టుకి తొలి నల్లజాతి న్యాయమూర్తి. ఆ రోజుల్లో వాణ్ని సస్పెండ్ చేసి ఇంటికి పంపేసుంటే ఏమయ్యేదో!

తర్వాతి స్టాపు పెన్-నార్త్. 2015 ఏప్రిల్‌లో ప్రపంచమంతా టీవీల్లో చూసిన కూడలి ఇది. ఏప్రిల్ 12న ఫ్రెడ్డీ గ్రే అనే 25 ఏళ్ల కుర్రాణ్ని పోలీసులు పట్టుకుని వ్యాన్‌లో పడేశారు. వెన్నెముక దెబ్బతిని 19న చనిపోయాడు. 27న అంత్యక్రియలు. ఆ మధ్యాహ్నం బడి వదిలే వేళకి తర్వాతి స్టాపు మొండామిన్ దగ్గర బస్సులూ రైళ్లూ ఆపేశారు. ఇళ్లకెళ్లాల్సిన వందల మంది హైస్కూలు పిల్లలు ఎటూ వెళ్లలేక అక్కడే చిక్కుకుపోయారు. ఎదురుగా డాళ్లు పట్టుకున్న పోలీసులు. రాళ్లు లేచాయి. రాత్రికల్లా పెన్-నార్త్ కూడలిలో మందుల దుకాణం తగలబడింది. ఆ ఏడాది నగరంలో 340కి పైగా హత్యలు జరిగాయి. అక్కణ్నుంచి 2022 దాకా ఎనిమిదేళ్లు వరసగా హత్యలు 300 దాటుతూనే ఉన్నాయి. ఆరు లక్షల జనాభా ఉన్న ఊళ్లో!

కోల్‌మన్ బడి ఈ పేటల మధ్యే ఉంది.

ఫుట్‌బాల్ నేర్పమంటే...

ఆ గదిని తెచ్చింది ప్రభుత్వం కాదు. పేటలోనే పెరిగిన ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల స్నేహితుడు. అలీ స్మిత్, ఆత్మన్ స్మిత్, ఆండ్రెస్ గొంజాలెజ్. ఆత్మన్ అంటే ఏదో ఇంగ్లిషు పేరు అనుకోకండి, మన ఆత్మే. స్మిత్‌ల అమ్మానాన్నలకు యోగా, ధ్యానం అంటే గురి. పిల్లల్ని చిన్నప్పుడే ధ్యానంలో కూర్చోబెట్టేవారు. పెద్దయ్యాక పిల్లలు అదంతా వదిలేశారు. ముగ్గురూ మేరీలాండ్ యూనివర్సిటీలో చదువు పూర్తిచేసి వచ్చాక, కుటుంబానికి ఆప్తుడైన ఓ పెద్దాయన దగ్గర మళ్లీ మొదటి నుంచీ నేర్చుకున్నారు. 2001లో హోలిస్టిక్ లైఫ్ ఫౌండేషన్ అని ఓ సంస్థ పెట్టుకున్నారు. పేరైతే ఘనంగా ఉంది కానీ, అప్పటికి చేతిలో పనిలేదు, డబ్బు లేదు.

పని అనుకోకుండా వచ్చింది. ఓ స్థానిక పాఠశాలలో ఐదో తరగతి అబ్బాయిలు ఇరవై మంది దాకా ఉన్నారు. ఎవరి మాటా వినరు. బడి అయ్యాక వాళ్లకు ఫుట్‌బాల్ నేర్పమని అడిగారు ఈ ముగ్గురినీ. 'ఫుట్‌బాల్ కాదు, యోగా నేర్పుతాం' అన్నారు వీళ్లు. 2002లో పశ్చిమ బాల్టిమోర్‌లో ఆ మాట ఎంత వింతగా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. అయినా సరేనన్నారు. మొదట్లో పిల్లలు నవ్వారు, ఒకరి మీద ఒకరు పడ్డారు. తర్వాత కాస్త కుదురుకున్నారు. ఈ ముగ్గురూ ఓ తెలివైన పని చేశారు. నేర్చుకున్న పిల్లాడి చేతే మిగతావాళ్లకు నేర్పించారు. ఇంటికెళ్లి అమ్మకి కూడా నేర్పమన్నారు. పగలంతా పనిచేసి అలసిపోయి వచ్చి చిరాకు పడే అమ్మని 'ముందు ఊపిరి పీల్చుకో అమ్మా' అని పిల్లాడు కూర్చోబెట్టిన ఇళ్లున్నాయి. ఆ తొలి బ్యాచుల్లో కొందరు పెరిగి పెద్దవాళ్లయ్యాక అదే సంస్థలో శిక్షకులయ్యారు. కోల్‌మన్ గదిలో పిల్లాణ్ని కూర్చోబెట్టే పెద్దాయన గొంతులో ఉపదేశం వినిపించకపోవడానికి కారణం ఇదే. ఆయనా అదే వీధి మనిషి.

యోగా ఈ ఊరికి రావడం మాత్రం అదే మొదలు కాదు. 1894 అక్టోబరులో స్వామి వివేకానంద ప్రసంగించడానికి బాల్టిమోర్ వచ్చారు. ఒంటి రంగు చూసి కొన్ని హోటళ్లు గది లేదు పొమ్మన్నాయి. చివరికి హోటల్ రెన్నర్ట్‌లో చోటు దొరికింది. రంగు చూసి తలుపేసిన ఊళ్లోనే, వందేళ్లు దాటాక, రంగు కారణంగానే వెనకబడిపోయిన పేటలో ఆయన దేశపు విద్య పనికొచ్చింది.

కళ్లు మూసుకుంటే ఆకలి తీరుతుందా, కిటికీ చెక్కలు ఊడతాయా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. గాయపడ్డ పిల్లాడికి ధ్యానం నేర్పి, గాయం చేసిన వ్యవస్థని వదిలేయడం సులువు. ఖర్చూ తక్కువ. ఈ ముగ్గురి పని చూస్తే మాత్రం ఆ నింద వీళ్లకు అంటదనిపిస్తుంది. పేటలో చెత్త ఎత్తించారు, ఖాళీ స్థలాల్లో మొక్కలు పెట్టించారు. బడి అయ్యాక పిల్లలు వీధిన పడకుండా సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉన్నారు. పిల్లాడు మారాక వాడి వీధి మారకపోతే లాభమేంటని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు, వాళ్లదీ ఆ వీధే కదా.

వీధిలో బంతి... నలభై నాలుగు కుర్చీలు

పిల్లాడి ఊపిరి నెమ్మదించింది, బాగానే ఉంది. మరి పెదవి చిట్లినవాడి సంగతేంటి? వాడికి న్యాయం ఏది?

దీనికి జవాబు నగరానికి తూర్పున, ప్యాటర్సన్ పార్కు వైపు దొరుకుతుంది. 1990ల చివర్లో అక్కడ స్ట్రీపర్ స్ట్రీట్ అనే ఇరుకు వీధిలో పిల్లలు రాత్రి పొద్దుపోయేదాకా ఫుట్‌బాల్ ఆడేవారు. బంతి తగిలి కార్లు దెబ్బతినేవి. నిద్రపట్టని ఇరుగుపొరుగు అరిచేవారు. పిల్లల తల్లులు ఎదురు అరిచేవారు. పోలీసులకు ఫోన్ల మీద ఫోన్లు. వాళ్లొస్తే పిల్లలు పారిపోతారు, వెళితే మళ్లీ బంతి. మన అపార్ట్‌మెంట్లలో క్రికెట్ గొడవ లాంటిదే. కాకపోతే అక్కడ ఇలాంటి గొడవలు తుపాకీ దాకా వెళ్లడం తెలియని సంగతేం కాదు.

జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేసిన సైకాలజిస్టు లారెన్ ఏబ్రమ్‌సన్ అప్పట్లో నగరంలో కమ్యూనిటీ కాన్ఫరెన్సింగ్ సెంటర్ అనే సంస్థ నడుపుతున్నారు. తగువులో తలదూర్చిన ప్రతి ఒక్కరినీ ఒకేచోట గుండ్రంగా కూర్చోబెట్టడం ఆ సంస్థ పని. ఆ వీధి నుంచి పిల్లలు, పెద్దలు కలిపి 44 మంది వచ్చారు. మొదట చాలాసేపు ఒకటే అరుపులు. తర్వాత ఎవరో అడిగారు, రెండు వీధుల అవతల అంత పెద్ద పార్కుంటే పిల్లల్ని అక్కడికి పంపరేం అని. పిల్లల తల్లులు చెప్పారు... అక్కడ పెద్ద కుర్రాళ్లు కొడతారు, పంపాలంటే భయం అని. వీధిలో ఎన్నాళ్ల నుంచో తిట్టుకుంటున్నవాళ్లకి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు! అరుపులు ఆగిపోయాయి. 'అయితే నేను తీసుకెళతా' అన్నాడు పొరుగాయన ఒకడు. ఆ తర్వాత పిల్లల ఆట పార్కులో మొదలైంది. పోలీసుల అవసరం రాలేదు.

దీన్నే ఇంగ్లిషులో రెస్టొరేటివ్ జస్టిస్ అంటారు. తెగినదాన్ని మళ్లీ అతికించే న్యాయం. మామూలు న్యాయం 'ఏ రూలు తప్పారు, ఎవరు తప్పారు, ఏం శిక్ష వేద్దాం' అని అడుగుతుంది. ఇది అడిగే ప్రశ్నలు వేరు. ఏం జరిగింది? దానివల్ల ఎవరెవరికి నష్టం? దాన్ని సరిచేయాలంటే ఎవరేం చేయాలి? వినడానికి మన రచ్చబండలా ఉంటుంది కానీ పెద్ద తేడా ఉంది. రచ్చబండ మీద తీర్పు చెప్పే పెద్దమనిషి ఉంటాడు. ఆయన కులమూ ఆయన పొలమూ తీర్పులో తూగుతాయి. ఇక్కడ తీర్పరి లేడు. నడిపించే మనిషి అందరి వంతూ వచ్చేలా చూస్తాడంతే. ఒప్పందం ఏదైనా కూర్చున్నవాళ్లే చేసుకోవాలి. ఇలా అందరినీ కూర్చోబెట్టే ఈ పద్ధతి పుట్టింది న్యూజిలాండ్‌లో. తమ పిల్లల్ని కోర్టులు ఎత్తుకుపోతున్నాయని అక్కడి మావోరీలు గోలపెట్టాక 1989లో చట్టం తెచ్చి కుటుంబం మొత్తాన్ని కూర్చోబెట్టే పద్ధతి పెట్టారు. అక్కణ్నుంచి ఆస్ట్రేలియా పోలీసులకు, వాళ్ల నుంచి బాల్టిమోర్‌కు వచ్చింది.

బడుల్లోకి రావడానికి కాలం పట్టింది. 2003-04లో బాల్టిమోర్ ప్రభుత్వ పాఠశాలల్లో సస్పెన్షన్లు 26 వేలు దాటాయి. అంత మందిని బయటికి పంపి బాగుపడిందేం లేదని అర్థమై పద్ధతి మార్చుకోగా, 2009-10కల్లా అవి పది వేల లోపుకి వచ్చాయి. 2017లో మేరీలాండ్ రాష్ట్రం రెండో తరగతి లోపు పిల్లల్ని సస్పెండ్ చేయడాన్ని చాలావరకూ నిషేధించింది. (రెండో తరగతి పిల్లల్ని కూడా సస్పెండ్ చేసేవారా అని నోరెళ్లబెట్టకండి. చేసేవారు.) 2019లో మరో చట్టం చేసి, బడిలో క్రమశిక్షణ ఉద్దేశం పిల్లల్ని దారిలో పెట్టడం, సంబంధాలు బాగుచేయడమే అని రాసుకున్నారు.

తుపాకీకీ చేతికీ మధ్య

బడి దాటిపోయిన కుర్రాళ్ల మాటేంటి? వాళ్ల కోసం 2007లో తూర్పు బాల్టిమోర్‌లోని మెకెల్డెరీ పార్కులో సేఫ్ స్ట్రీట్స్ మొదలైంది. దీని మూలం షికాగో. ఆఫ్రికాలో అంటువ్యాధులతో పోరాడి వచ్చిన డాక్టరు గ్యారీ స్లట్‌కిన్ 2000లో ఓ మాట అన్నారు. హింస కూడా అంటువ్యాధిలాగే పాకుతోంది, దాన్నీ అలాగే అడ్డుకోవాలని. ఒక హత్య జరిగితే బదులు హత్య జరగకముందే మధ్యలో దూరాలి. ఎవరు దూరగలరు? పోలీసులు కాదు. ఒకప్పుడు అదే వీధుల్లో తిరిగి, జైలుకెళ్లొచ్చి, మనసు మార్చుకున్నవాళ్లు. వాళ్ల మాట వీధి వింటుంది. 'ఇప్పుడొద్దు, ఒక్క రాత్రి ఆగు, రేపు మాట్లాడుకుందాం' అని చెప్పడమే వాళ్ల ఉద్యోగం. కోల్‌మన్ గదిలో పావుగంట సాగే పనే ఇక్కడ నడివీధిలో, తుపాకీ ముందు సాగుతుంది.

చెర్రీ హిల్ పేటలో ఏడాది పాటు ఒక్క హత్యా లేని సందర్భాలున్నాయి. 2023లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు లెక్కలన్నీ తీసి, మొత్తమ్మీద కాల్పులు తగ్గాయనీ అన్ని పేటల్లో ఫలితం ఒకేలా లేదనీ తేల్చారు. ఈ ఉద్యోగానికి చెల్లించిన వెల మాత్రం ఏ పట్టికలోనూ పట్టేది కాదు. డాంటే బార్క్స్‌డేల్ సేఫ్ స్ట్రీట్స్‌కి నగరమంతా తెలిసిన ముఖం. జైలు నుంచి వచ్చి, ఏళ్ల తరబడి ఎందరి గొడవలో సర్దిన మనిషి. 2021 జనవరిలో ఆయన్నే కాల్చి చంపారు. దాదాపు ఏడాది వ్యవధిలో అదే సంస్థలో మరో ఇద్దరు కాల్పులకు బలయ్యారు. అయినా మిగతావాళ్లు మర్నాడు మళ్లీ వీధిలోకి వచ్చారు.

2017లో ఎరికా బ్రిడ్జ్‌ఫోర్డ్ అనే ఆమె మరో ఆలోచన చేశారు. ఆమె తమ్ముణ్ని 2007లో కాల్చి చంపారు. అయినా మేరీలాండ్‌లో ఉరిశిక్ష రద్దు కోసం పోరాడినవాళ్లలో ఆమె ఉన్నారు. 2013లో అది రద్దయింది. వృత్తి తగువులు తీర్చడం. నగరం మొత్తానికి ఆమె అడిగింది ఒక్కటే. 'డెబ్భై రెండు గంటలు... ఎవరూ ఎవరినీ చంపకండి.' ఆగస్టు 4 నుంచి 6 వరకు. పోస్టర్లు వెలిశాయి. మత్తుమందులమ్మే కుర్రాళ్లు కూడా ఆ పోస్టర్లు పంచారంటారు. శుక్రవారం గడిచింది. శనివారం మధ్యాహ్నం దాకా గడిచింది. ఆ తర్వాత ఓ కుర్రాడు చనిపోయాడు. వారాంతం ముగిసేసరికి ఇద్దరు.

పత్రికలు 'విఫలం' అని రాశాయి. ఆమె ఆ హత్య జరిగిన చోటికి వెళ్లారు. వెంట మరికొందరు. చేతులు పట్టుకుని నిలబడ్డారు. మూడు నెలలాగి మళ్లీ కాల్పుల విరమణ ప్రకటించారు. మళ్లీ... మళ్లీ. 2020లో ఓ వైద్యపత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం ఆ వారాంతాల్లో కాల్పులు దాదాపు సగానికి తగ్గాయి. ఆగిన కాల్పులు తర్వాతి వారానికి వాయిదా పడ్డాయా అని కూడా చూశారు. పడలేదు.

ఇదంతా నిజంగా పనిచేస్తుందా?

అంత సూటిగా చెప్పలేం. 2010లో బాల్టిమోర్‌లోని నాలుగు బడుల్లో 97 మంది పిల్లల మీద చేసిన అధ్యయనంలో, హోలిస్టిక్ లైఫ్ వాళ్లు 12 వారాలు నేర్పాక పిల్లలు చేదు విషయాల్నే తలచుకుని కుమిలిపోవడం తగ్గింది. 2016లో 300 మందితో చేసిన మరో అధ్యయనమూ మంచే చెప్పింది. కానీ 2022లో బ్రిటన్‌లో 85 బడుల్లో ఎనిమిది వేల మందికి పైగా పిల్లలతో చేసిన భారీ పరీక్షలో, టీచర్లకు శిక్షణ ఇచ్చి క్లాసులో అందరికీ చెప్పించిన ధ్యానం వల్ల మొత్తమ్మీద ఒరిగిందేం లేదు. తగువులు తీర్చే న్యాయం సంగతీ అంతే. 2018లో పిట్స్‌బర్గ్ బడుల మీద వచ్చిన నివేదిక ప్రకారం సస్పెన్షన్లు తగ్గాయి, బడి వాతావరణం బాగుపడిందని టీచర్లు చెప్పారు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల మార్కులు మాత్రం పడిపోయాయి.

ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటనిపిస్తుంది. పాఠంలా చెప్పిన ధ్యానానికీ, తన వీధి మనిషి పక్కన కూర్చుని నేర్పినదానికీ తేడా ఉంటుంది. గది సామాను కొనడం తేలిక. గదిలో కూర్చునే మనిషి దొరకడమే కష్టం. అలాంటి మనిషి తయారవడానికి బాల్టిమోర్‌లో పదేళ్లు పైనే పట్టింది.

2023లో నగరంలో హత్యలు సుమారు 260కి, 2024లో 201కి తగ్గాయి. ఘనత మాదంటే మాదని పోలీసులు, మేయరు, ప్రాసిక్యూటర్లు, వీధి సంస్థలు అందరూ అంటారు. 2022లో పశ్చిమ బాల్టిమోర్‌లో మొదలైన ప్రభుత్వ పథకం ఒకటి, తుపాకీ పట్టే అవకాశమున్న కుర్రాళ్లను ముందే గుర్తించి, ఉద్యోగమో జైలో ఎంచుకోమంటోంది. దాని వాటా చాలానే ఉందంటారు. ధ్యానం గది వాటా ఎంతో విడదీసి తూచే తక్కెడ లేదు. 2002లో ఫుట్‌బాల్ బదులు యోగా నేర్చుకున్న ఆ ఇరవై మంది అబ్బాయిలకు ఇప్పుడు ముప్పై దాటి ఉంటాయి.

ఎరికా బ్రిడ్జ్‌ఫోర్డ్ మొదలుపెట్టిన కాల్పుల విరమణ వారాంతాలు ఏడాదికి నాలుగు... ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు. నగరంలో ఎక్కడ హత్య జరిగినా ఆమె బృందం ఆ చోటికి వెళుతుంది. ధూపం వేస్తారు. పోయినవారి పేరు పైకి చెబుతారు. కాసేపు మాట్లాడకుండా నిలబడతారు. ఆ ఇంటి మెట్ల మీద ఎవరైనా కూర్చుని ఉంటే వాళ్లనూ రమ్మంటారు. మే నెల వారాంతానికి ఏ తేదీ పెట్టాలని పెద్దగా ఆలోచించాల్సిన పని లేకపోయింది. అమెరికాలో మే రెండో ఆదివారం మదర్స్ డే.